మా పెద్దోడికి కొమ్ము కాన్సర్ వచ్చినప్పుడు

మాది ఒంగోలుకు దగ్గర్లో, మద్దిపాడు మండలంలో గుండ్లకమ్మ ఏటి వారన ఉన్న ఊరు. నల్లరేగడి నేల. శనగ, పొగాకు, కాస్త మిరప పండిస్తాం. దుక్కులన్నీ ఇప్పుడు ట్రాక్టర్లతోనే. అయినా పొగాకు మొక్క కాస్త ఎదిగాక సాళ్ళ మధ్య కలుపు తీసే గుంటక తోలాలంటే ఎడ్లు ఉంటేనే నయం, ఆకు చినగదు. అందుకే మా నాయన ఒక జతని వదులుకోలేదు. పెద్దోడు మా ఇంటి ఆవుకే పుట్టాడు. చిన్నోడిని దూడగా ఉన్నప్పుడు పక్క ఊరి నుంచి తెచ్చారు. రెండూ ఒంగోలు జాతివే. పందేలకు పోయిన ఎడ్లు కావు, పొలం ఎడ్లు. నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తూ రోజూ ఇంటి నుంచే వెళ్ళొస్తాను. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు.

పెద్దోడికి జబ్బు చేసినప్పుడు ఫోన్‌లో చాలా వెతికాను. కొమ్ము కాన్సర్ లక్షణాలు, ఆపరేషన్ ఎలా చేస్తారు అన్నంత వరకూ దొరికాయి. జబ్బు తిరగబెడితే ఇంట్లో వాళ్ళు ఏం చేయాలో ఎక్కడా కనబడలేదు. అందుకే మేం చేసినవీ, చేస్తూ నేర్చుకున్నవీ రాస్తున్నాను. ఎద్దులున్న ఇళ్ళు తగ్గిపోయాయి. ఉన్న ఇళ్ళలోనైనా ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

మొదట కనిపించింది తల విదిలించడం. గుంటక పనులు జోరుగా ఉన్న చలికాలం రోజులవి. ఈగ వాలితే ఎద్దు తల విదిలించే తీరు వేరు. పెద్దోడు మాటిమాటికీ ఎడమ పక్కకే విదిలించేవాడు, తల కూడా ఆ పక్కకే వాల్చి నిలబడేవాడు. కాడి దించగానే వెళ్ళి ఎడమ కొమ్ముని చావిడి గుంజకేసి రుద్దేవాడు. నాయన చెయ్యి వేసి చూస్తే కుడి కొమ్ము మొదలు కన్నా ఎడమ కొమ్ము మొదలు వేడిగా ఉంది. వేలితో తడితే కుడిది బోలుగా మోగింది, ఎడమది మొద్దుగా పలికింది. అది జరిగిన కొన్నాళ్ళకే ఎడమ ముక్కులోంచి నెత్తురు చారలతో చీమిడి కారింది.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. కొమ్ములో పురుగు పడిందన్నారు, వాత పెట్టించమన్నారు. నాయన వినలేదు. "ఉన్న నొప్పి చాలదా, వాత కూడానా" అని ఆ సాయంత్రమే రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడిని పిలుచుకొచ్చాడు. ఆ అబ్బాయి చూసీ చూడగానే మండల పశువైద్యశాల డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ మర్నాడు వచ్చి కొమ్ము మొదలు నొక్కి చూసి, కొమ్ము కాస్త కదులుతోందని నాయన వేళ్ళు పెట్టించి మరీ చూపించారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. అనుమానం నిజమే అయింది.

ఈ జబ్బు గురించి ఆవిడ చెప్పినవి నాకు బాగా గుర్తున్నాయి. కొమ్ము లోపల ఎముక బోలుగా ఉంటుంది, ఆ బోలు నుదుటి ఎముకలోని గాలి గదితో కలిసి ఉంటుంది. ఆ గదిని కప్పి ఉండే పొరలో కాన్సర్ పుడుతుంది. అందుకే నెత్తురు ముక్కులోంచి వస్తుంది. మన దేశపు తెల్ల పశువుల్లో, అందులోనూ విత్తులు కొట్టిన ఎడ్లలో ఇది ఎక్కువ. ఆవుల్లో తక్కువ, విత్తులున్న గిత్తల్లో అరుదు. అయిదు నుంచి పదేళ్ళ మధ్య వయసులో ఎక్కువగా బయటపడుతుంది. మా వాడికి తొమ్మిదేళ్ళు. ఎండ, కాడి తాళ్ళ రాపిడి, కొమ్ములు చివ్వడం (గీకి నున్నగా చేయడం), వాటికి పూసే రంగులు, ఇలాంటివన్నీ కారణాలుగా అనుమానిస్తారట. అంటుకునే జబ్బు మాత్రం కాదు. ఈ చివరి మాట ఊళ్ళో అందరికీ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే కొందరు తమ గొడ్లని మా చావిడి ముందు నుంచి తోలుకెళ్ళడం మానేశారు.

ఆపరేషన్ మా ఇంటి వేపచెట్టు కిందే జరిగింది. ముందు రోజు నుంచే మేత ఆపించారు. మత్తు సూది వేసి, మోకులతో మెల్లగా పడుకోబెట్టి, కంటికీ కొమ్ముకూ మధ్యన ఎముక గట్టు వెంట తిమ్మిరి సూది ఇచ్చారు. తీగ రంపంతో కొమ్ముని మొదలంటా కోశారు. లోపల కాలీఫ్లవర్ పువ్వులాగా పెరిగి ఉంది, చెయ్యి తగిలితే చిట్లి నెత్తురు. అదంతా గీకి తీసేశాక అక్కడో గుంట మిగిలింది. వాడు ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంటలోంచి గాలి ఆడడం కనిపించింది. చుట్టూ చర్మం లాగి కుట్టి, కట్టు జారిపోకుండా రెండో కొమ్ముకి ఎనిమిది అంకె తీరున చుట్టారు.

తర్వాత వారానికొకటి చొప్పున మూడు విన్‌క్రిస్టిన్ సూదులు. మనుషుల కాన్సర్‌కి వాడే మందే. ఒంగోలు మందుల షాపులో చెప్పి తెప్పించుకుని, ఐస్ డబ్బాలో తెచ్చి, ఇంటి ఫ్రిజ్‌లో దాచాం. నరంలోకే సరిగ్గా ఎక్కాలి, కాస్త పక్కకి పోయినా అక్కడి కండ కుళ్ళుతుంది. డాక్టరమ్మ తొడుగులు లేకుండా ఆ సీసా ముట్టుకోనివ్వలేదు. సూది వేసిన తర్వాత వాడు కొద్ది రోజులు మేత తగ్గించేవాడు, మళ్ళీ పుంజుకునేవాడు.

సంక్రాంతికి ఒంటికొమ్ముతోనే మెళ్ళో పూలదండ వేయించుకున్నాడు. కాడికి కట్టలేదు. ఉగాది దాకా హాయిగా ఉన్నాడు.

ఉగాది దాటాక కుట్ల అంచున బూడిద రంగు కండ పైకి వచ్చింది. ముక్కు నుంచి మళ్ళీ చీము, ఈసారి వాసన. చెవి కింద బిళ్ళ కట్టింది. ఎడమ కన్ను కొంచెం బయటికి ఉబికింది. డాక్టరమ్మ చాలాసేపు చూశారు. నాయన ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"మళ్ళీ కోస్తే పోదా అమ్మా?"

"కోయడానికి అంచు దొరకదు బాబాయ్ గారూ. నుదుటి ఎముకలోకి పోయింది. కోస్తే వాడికి బాధే తప్ప లాభం లేదు."

"అయితే ఇంక చేసేదేం లేదంటావా?"

"జబ్బు తగ్గించడానికి లేదు. నొప్పి తగ్గించడానికి ఉంది. పుండు కుళ్ళకుండా, పురుగు పట్టకుండా చూడడానికి ఉంది. మేత తినేట్టు చూడడానికి ఉంది. అమ్మాయిని రాసుకోమనండి."

పాల లెక్కల పుస్తకం తెచ్చి వెనక పేజీల్లో రాసుకున్నాను. జబ్బు నయం కాదని తెలిసిన తర్వాత ఇంత పని ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు. ఇంటిల్లిపాదికీ తెల్లారి లేచింది మొదలు పనే. ఆ పని లేకపోతే ఆ వేసవి మేం ఎలా గడిపేవాళ్ళమో.

అన్నిటికన్నా కష్టమైంది పుండు. కట్టు కడితే లోపల చెమ్మకి కుళ్ళుతుంది, కట్టకపోతే ఈగలు. మేం మధ్యే మార్గం పట్టాం. పొద్దున, సాయంత్రం పోవిడోన్ అయోడిన్‌ని మరగకాచి చల్లార్చిన నీళ్ళలో లేత టీ రంగు వచ్చేదాకా కలిపి, గాజుగుడ్డ ముంచి తుడిచేవాళ్ళం. గుంటలోకి నీళ్ళు పొయ్యకూడదు. అది ముక్కుతో కలిసి ఉంది కాబట్టి పోసింది గొంతులోకి దిగి పొలమారుతుంది. తుడవడమే, అది కూడా బయటి నుంచి లోపలికి కాకుండా లోపలి అంచు నుంచి బయటికి. చుట్టూ మంచి చర్మానికి ఈగలు వాలని ఆయింట్‌మెంట్. పుండు మీద పల్చటి నూలుగుడ్డ, రోజూ ఉతికి ఎండలో ఆరేసింది.

చావిడిలో దోమలకీ ఈగలకీ వేపాకు పొగ వేయడం మాకు అలవాటు. పెద్దోడికి అది పడదన్నారు డాక్టరమ్మ, తెరిచి ఉన్న గుంటలోకి నేరుగా పొగ పోతుందని. అందుకని అమ్మ పాత దోమతెరలు రెండు కలిపి కుట్టి, వాడు పడుకునే మేర నాలుగు గుంజలకి కట్టింది. పగలు వాడు అందులోనే. అంత ఎద్దు దోమతెరలో పడుకోవడం చూడడానికి పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళని ఎవరం కసరలేదు. వాడికీ పిల్లలంటే ఇష్టమే.

అంత చేసినా ఒకసారి పురుగు పట్టింది. వాసన మారింది, వాడు తల గుంజకేసి కొట్టుకున్నాడు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చింది. అందులో వచ్చిన డాక్టరు టర్పెంటైన్ నూనెలో తడిపి పిండిన గుడ్డ కాసేపు పెట్టి, పురుగులు పైకి రాగానే చిమటాతో ఒక్కొక్కటే తీశారు. ఆయన పక్కన టార్చి పట్టుకుని నేను నిలబడ్డాను. ఎవరికైనా చెప్పేదేంటంటే, పుండు వాసన రోజూ గమనించండి. పురుగు కంటికి కనబడకముందే వాసన తేడా తెలుస్తుంది.

నొప్పికి మెలాక్సికామ్ సూది. కిలో బరువుకి అర మిల్లీగ్రాము లెక్క, డాక్టరమ్మే బరువు అంచనా కట్టి మోతాదు రాశారు. ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే బరువు దగ్గర దగ్గరగా వస్తుంది. ఒక మందుల షాపులో మనుషులకు వాడే డైక్లోఫెనాక్ ఇస్తాం, చవకలో పోతుందన్నారు. నేను తీసుకోలేదు. పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. రాబందులు కనుమరుగు కావడానికి పెద్ద కారణం అదే. చిన్నప్పుడు ఊరి బయట గద్దల కన్నా పెద్ద పక్షులు వాలేవని నాయన చెప్తుంటాడు, నేనెప్పుడూ చూడలేదు.

ఎద్దు నొప్పిని బయటపెట్టదు. ఆవు అరుస్తుంది, దూడ అరుస్తుంది, పనిచేసిన ఎద్దు అరవదు. ఎక్కడ చూడాలో నేర్చుకోవాల్సి వచ్చింది. చెవులు వెనక్కి వేలాడేస్తే నొప్పి. పళ్ళు కొరికితే నొప్పి. కళ్ళు సగం మూసి గోడకేసి నిలబడితే నొప్పి. వీటన్నిటికన్నా నమ్మకమైన గుర్తు నెమరు. తిన్నాక పడుకుని నెమరు వేస్తున్నాడంటే ఆ పూటకి ఫర్వాలేదు. నెమరు ఆగిందంటే మందు సరిపోవడం లేదు. రాత్రి భోజనాలయ్యాక నాయన చావిడిలో మంచం వేసుకుని కూర్చుని నెమరు చప్పుడు వినేవాడు. వినపడితేనే పడుకునేవాడు.

తిండి సంగతి. దవడ పక్కన వాపు వచ్చాక చొప్ప నమలలేకపోయాడు. పిల్లిపెసర లేతది కోసి తెచ్చి సన్నగా నరికి పెట్టాం. అది ఇష్టంగా తిన్నాడు. ఎండలకి పిల్లిపెసర అయిపోయాక నేపియర్ గడ్డి చివర్లు. రాగి గంజిలో చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం. ఊళ్ళో పెద్దవాళ్ళు గొట్టంతో గొంతులో పొయ్యమన్నారు. డాక్టరమ్మ గట్టిగా వద్దన్నారు. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందట, వాడికి అసలే మింగడం కష్టం. తొట్టిలో పెట్టి పక్కన కూర్చోవడమే. తాగినంత తాగాడు. ఇంకో చిన్న మార్పు చాలా సుఖపెట్టింది: కుడితి తొట్టినీ గాడినీ ఇటుకలు పేర్చి ఎత్తు చేశాం. తల కిందికి వంచితే నుదుటిలోకి బరువు దిగి బాధపడేవాడు. ఎత్తు చేసిన రోజు ఒక్క గుక్కన తొట్టెడు నీళ్ళు తాగాడు. ముకుతాడు తీసేసి మెత్తటి నూలుతాడు మెడకి కట్టాం. ఏళ్ళ తరబడి ఉన్న ముకుతాడు తీసినప్పుడు నాలుకతో ముక్కు నాక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

చిన్నోడిని విడిగా కట్టమని కొందరు చెప్పారు. మేం వాణ్ణి ఎప్పటిలా కుడి పక్కనే కట్టాం. పెద్దోడి మెడ వాడే నాకేవాడు.

మధ్యలో ఒక బేరగాడు వచ్చాడు. ఎవరు చెప్పారో మరి. "ఎందుకు పెద్దాయనా ఈ చాకిరీ, తోలెయ్, నాలుగు డబ్బులన్నా చేతికొస్తాయి" అన్నాడు. నాయన మంచం మీద నుంచి లేవకుండానే, "ఈడికి రాబాక ఇంకెప్పుడూ" అన్నాడు. అంతే. ఎద్దుని కబేళాకి ఇవ్వాలంటే మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం అధికారి ధ్రువపత్రం కావాలి. నిలబడలేని పశువుని లారీ ఎక్కించడం రవాణా నిబంధనలకి విరుద్ధం. అయినా రాత్రిపూట లారీల్లో ఏం పోతున్నాయో హైవే పక్కనున్న ఊళ్ళవాళ్ళకి తెలుసు. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది. ఒంగోలు జాతి అంటే గర్వంగా చెప్పుకుంటాం. ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్ళిన పశువుల పేరు బ్రెజిల్‌లో నెలోర్ అయింది. ఇవాళ ఆ దేశపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తానివే. ఒంగోలు గిత్త బొమ్మ ప్రతి సభలోనూ కనిపిస్తుంది. ముసలిదైన, జబ్బుపడిన ఒంగోలు ఎద్దు మాత్రం ఏ సభలోనూ మాటకు రాదు. దాని ఖర్చు, దాని చావు ఆ రైతు ఒక్కడి మీదే.

మే నెల మధ్యకి వచ్చేసరికి వాడు పడుకుంటే లేవడానికి ఇబ్బంది పడుతున్నాడు. పెద్ద పశువు ఒకే పక్కన గంటల తరబడి పడుకుంటే ఆ పక్క కాలి కండలు, నరాలు తన బరువు కిందే నలిగిపోతాయి. పూర్తిగా పక్కకి వాలిపోతే కడుపు ఉబ్బి ఊపిరాడదు. అందుకని ఛాతీ మీద నిటారుగా కూర్చునేట్టు రెండు పక్కలా గడ్డి కూరిన గోనెసంచులు ఆన్చి పెట్టాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కింద ఇసుక పోసి పైన మందంగా వరిగడ్డి. నాయన, నేను, పక్కింటి బాబాయ్, ఆయన కొడుకు వంతులు వేసుకున్నాం. తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. రోహిణి కార్తె ఎండ తలకెక్కుతోంది, గోనెపట్టాలు తడిపి చావిడి చుట్టూ కట్టాం.

పుస్తకంలో ఆ రోజుల పేజీలు చూస్తే పద్దుల్లాగే ఉన్నాయి: మేత సగం. నెమరు లేదు. తనంతట తాను లేచాడు. పిలిస్తే చెవి తిప్పాడు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి ఇది. వాడికి ఇష్టమైనవి ఏంటో ముందే రాసుకుని, అందులో ఎన్ని ఇంకా మిగిలాయో వారానికోసారి చూసుకోమన్నారు. మేం రాసుకున్నవి: పొద్దున్నే చావిడి బయటికొచ్చి ఎండ కాగడం, గంగడోలు కింద గోకించుకోవడం, గుండ్లకమ్మ నీళ్ళలో దిగడం, బెల్లం, చిన్నోడు. నీళ్ళలో దిగడం ఎప్పుడో పోయింది. బెల్లం ముక్క అరచేతిలో పెడితే వాసన చూసి తల తిప్పేసిన రోజు నేను క్యాలెండరు మీద సున్నా చుట్టాను. అలాంటి రోజులు మంచి రోజుల కన్నా ఎక్కువైతే నాకు ఫోన్ చెయ్యండి, ఆలస్యం చెయ్యొద్దు అన్నారావిడ ముందుగానే.

ఇంట్లో ఆ మాట మొదట ఎత్తింది అమ్మ.

"ఇంక వాణ్ణి పోనిద్దామయ్యా. మన కోసం పడతా ఉండాడు."

నాయన రెండు రోజులు మాట్లాడలేదు. బసవన్నకి సూది వేసి చంపించిన పాపం ఎన్ని జన్మలకి పోద్దని ఆయన బాధ. తనంతట తాను పోయేదాకా చూసుకుంటానన్నాడు. ఆ పట్టుదలని నేను తక్కువ చేసి చెప్పను, ఎందుకంటే రాత్రిళ్ళు మేలుకుని చూసుకున్నది ఆయనే. డాక్టరమ్మ వచ్చి ఆయన పక్కన గట్టు మీద కూర్చుని, తనంతట తాను పోవడం అంటే వాడి విషయంలో ఎలా ఉంటుందో దాచకుండా చెప్పారు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఊపిరాడక పోవచ్చు. పెద్ద నరం తెగి నెత్తురు పోయి పోవచ్చు. అదీ కాకపోతే లేవలేక, ఒళ్ళంతా పుండ్లు పడి వారాల తరబడి. "వాడు నడవగలిగినప్పుడే నిర్ణయం తీసుకుంటే మంచిది బాబాయ్ గారూ. నడవలేని రోజున వాణ్ణి తాళ్ళతో ఈడ్చాల్సి వస్తుంది. అది మీరు చూడలేరు."

నాయనని కదిలించింది ఆ చివరి మాటే అనుకుంటాను. వాడిని ఎవరూ ఈడ్వకూడదు. ఆ సాయంత్రం ఆయనే వెళ్ళి పొలంలో చోటు చూశాడు. బావికీ కాలువకీ దూరంగా, తుమ్మచెట్టు దగ్గర. జేసీబీతో ఎనిమిది అడుగుల లోతు గుంట తీయించి ఒక పక్క ఏటవాలుగా ఉంచాం. బస్తాల్లో ఉప్పు, సున్నం తెప్పించాం. ఇలా లోతుగా పూడ్చడం తప్పనిసరి. ఆఖరి సూదిలో ఇచ్చే మందు కళేబరంలో మిగిలే ఉంటుంది, కుక్కలో పక్షులో తింటే అవీ చచ్చిపోతాయి. పైపైన పూడ్చి వదిలేయడం, ఊరి బయట పారేయడం అస్సలు చేయకూడదు.

చల్లటి పొద్దు చూసుకుని, నొప్పి సూది వేయించుకున్నాక నడిపించుకు వెళ్ళాం. ఆగి ఆగి నడిచాడు. చిన్నోడిని కూడా పక్కనే తీసుకెళ్ళాం. దారిలో గుమ్మాల్లోకి వచ్చిన వాళ్ళు కొందరు పసుపు నీళ్ళతో వాడి కాళ్ళు కడిగారు. మేం ఎవరికీ చెప్పలేదు, అయినా అందరికీ తెలిసింది. గుంట పక్కన వరిగడ్డి పరిచి ఉంచిన చోట వాడంతట వాడే మోకాళ్ళు వంచి పడుకున్నాడు. అమ్మ నుదుటన బొట్టు పెట్టింది, పుండు లేని కుడి పక్క.

డాక్టరమ్మ ముందు కాగితం మీద నాయన సంతకం తీసుకున్నారు. తర్వాత ఏం జరుగుతుందో ఒక్కొక్కటే చెప్పి చేశారు. మొదట మత్తు సూది. కొద్దిసేపట్లో తల బరువెక్కి నాయన తొడ మీద వాలింది. వాడు పూర్తిగా తెలివి తప్పాడని కంటి మీద వేలు తాకించి చూసుకున్నాకే మెడ నరంలోకి రెండో మందు ఎక్కించారు. కళ్ళు మూసుకుపోవు, తెరిచే ఉంటాయి, భయపడొద్దన్నారు. ఊపిరి ఆగాక ఒకటి రెండు సార్లు ఎగశ్వాస రావచ్చు, అది బాధ కాదన్నారు. అలాగే వచ్చింది. ముందే చెప్పి ఉండకపోతే నాయన తట్టుకునేవాడు కాదు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "అయిపోయింది బాబాయ్ గారూ" అన్నారు. నాయన గంగడోలు కింద గోకుతూనే ఉన్నాడు.

చిన్నోడిని వాడి దగ్గరికి తీసుకెళ్ళమని ఆవిడే చెప్పారు. మూతి నుంచి మోపురం దాకా వాసన చూశాడు. తర్వాత పక్కకి తిరిగి గట్టు మీద గడ్డి పీక్కున్నాడు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, జత ఎద్దు కళ్ళ ముందు కాకుండా మాయమైతే రెండోది వెతుక్కుంటూ అరుస్తుందని పెద్దవాళ్ళు చెప్తారు. చిన్నోడు అరవలేదు. కొన్నాళ్ళు మేత సగమే తిన్నాడు, గాడిలో పెద్దోడి వైపు మేత ముట్టుకోలేదు. తర్వాత మెల్లగా సర్దుకున్నాడు.

కొత్త పంచెలో చుట్టి, ఏటవాలు వైపు నుంచి మోకుల మీద నిదానంగా దింపాం. ఉప్పు, సున్నం, పైన మట్టి. కుక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పాం.

ఖర్చు గురించి ఎవరైనా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ప్రభుత్వ పశువైద్యశాలలో ఆపరేషన్‌కి మా దగ్గర ఏమీ తీసుకోలేదు. కాన్సర్ మందు, నొప్పి సూదులు, గుంట తవ్వకం, కిరాయి ఎడ్లు మా చేతి డబ్బే. డబ్బు కన్నా మనుషులు ఎక్కువ కావాలి. పక్క మార్చే రాత్రుల్లో ఒంటరిగా ఉన్న రైతు ఏం చేయగలడో నాకు ఊహకు అందదు. మా బాబాయ్, ఆయన కొడుకు లేకపోతే ఆ ఆఖరి వారాలు అంత సుఖంగా జరిగేవి కావు.

నాయన చిన్నోడిని ఇంకో ఎద్దుతో జత కట్టలేదు. గుంటక పనికి ఇప్పుడు బాబాయ్ ఎడ్లే వస్తాయి. చిన్నోడి కొమ్ములు చివ్వించడం, పండక్కి రంగులు వేయించడం మానేశాం, నూనె రాసి పూలు చుడతాం. ఆ వానాకాలం పక్క ఊళ్ళో ఒకళ్ళ ఎద్దు కాలవలో జారి తుంటి విరిగి పడుకుందని తెలిస్తే దోమతెర, గోనె దిండ్లు ఆటోలో వేసుకుని వెళ్ళి ఇచ్చాం. దిండ్లలో గడ్డి తడిస్తే మార్చుకోమని, తొట్టి కింద ఇటుకలు పెట్టమని చెప్పాను. వాళ్ళమ్మాయి అవన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది.